వాన లెక్కల్లో ఆడవాళ్ళెక్కడ?

2025 జూలై 24న బెంగుళూరులో సులోచనా గాడ్గిల్ మరణించారు. ఆమె వయసు 81. రుతుపవనాలు ఒక ఏడు నిండుగా వచ్చి మరో ఏడు ఎందుకు మొహం చాటేస్తాయో అర్థం చేసుకునే తీరునే మార్చిన కొద్దిమంది శాస్త్రవేత్తల్లో ఆమె ఒకరు. ఇలాంటి స్త్రీ చనిపోయినప్పుడు నివాళులు ఎలా రాస్తారో మనకు కొట్టిన పిండే. 'మహిళాలోకానికి స్ఫూర్తి' అంటారు. ఇల్లూ పరిశోధనా రెండూ చక్కదిద్దుకుంది అంటారు. మగ శాస్త్రవేత్త ఇల్లు ఎవరు చక్కదిద్దారన్న ప్రశ్న మాత్రం ఏ నివాళిలోనూ రాదు. ఈ పొగడ్తలో ఇంకో సౌకర్యం కూడా ఉంది. 'స్ఫూర్తి' అనేశాక ఆమె ఏం చెప్పిందో, దాన్ని ఎంతదూరం తీసుకెళ్ళిందో, ఎక్కడ ఆగిపోయిందో ఎవరూ చూడనక్కర్లేదు. నేను ఇక్కడ నివాళి రాయబోవడం లేదు. ఆమె పనిని గట్టిగా పట్టించుకుని, దానితో తగవు పెట్టుకోవాలని నా ప్రయత్నం. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచున స్త్రీల శ్రమ మీద పనిచేసే వాళ్ళకి ఈ తగవు తప్పదు.

ముందు ఆమె కథ కొంత తెలియాలి. 1944లో పుణెలో చదువుకున్న కుటుంబంలో పుట్టింది. ఉన్నత పాఠశాల చదువు మన మదనపల్లె దగ్గర రిషీవ్యాలీలో. (తెలుగు నేల మీదే ఉన్న ఆ బడి చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలకు ఆ రోజుల్లో అలాంటి చదువు ఎంతమందికి దక్కిందన్నది వేరే వ్యాసం.) ఫెర్గూసన్ కాలేజీలో రసాయనశాస్త్రం, తర్వాత పుణె విశ్వవిద్యాలయంలో గణితం. 1965లో మాధవ్ గాడ్గిల్‌తో పెళ్ళి, ఇద్దరూ కలిసి హార్వర్డ్‌కి. అక్కడ సముద్ర ప్రవాహాల గణితంలో 1970లో డాక్టరేట్. ఆపైన ఎం.ఐ.టి.లో జూల్ చార్నీ దగ్గర పని. అక్కడే ఉండిపోతే అమెరికా విశ్వవిద్యాలయాల్లో సుఖమైన బతుకు దొరికేది. 1971లో ఇద్దరూ తిరిగొచ్చేశారు. రెండేళ్ళు పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థలో పనిచేశాక 1973లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరింది. అక్కడ వాతావరణ శాస్త్రానికి ఒక ప్రత్యేక కేంద్రం 1980ల మొదట్లో ఏర్పడిందంటే అందులో ఆమె పాత్ర చాలా పెద్దది. భార్యాభర్తలిద్దరికీ ఒకే సంస్థలో ఉద్యోగమంటే 'ఆవిడ ఆయన వెంట వచ్చింది' అనే లోకం ఇది. ఆమె విషయంలో ఆ మాట నిలబడలేదు. ఆమె రాసిన పేపర్లు నిలబడనివ్వలేదు.

ఆ పేపర్ల సంగతి తెలియకపోతే తగవు పెట్టుకోవడానికి మనకి అర్హత ఉండదు. మనందరం బడిలో చదివింది ఒకటే. ఎండకాలంలో నేల బాగా కాగుతుంది, సముద్రం అంతగా కాగదు, అందుకని సముద్రం మీది తేమగాలి నేల మీదికి వస్తుంది, అదే రుతుపవనం. 1686లో హాలీ చెప్పిన సిద్ధాంతం ఇది. మన ఊళ్ళలో కూడా రోహిణి కార్తె ఎంత మండితే మృగశిరలో వాన అంత బాగా పడుతుందంటారు. గాడ్గిల్ ఈ నమ్మకాన్ని సూటిగా ప్రశ్నించింది. నేల వేడే వానకి కారణమైతే, కరువు ఏడాది నేల మరింత కాగుతుంది కదా, మరి వాన రాదేం? 1973 నుంచి 1977 వరకు ఉపగ్రహాలు తీసిన మేఘాల చిత్రాలను రోజు వెంట రోజు పరిశీలించి, డి.ఆర్. సిక్కాతో కలిసి 1980లో ఒక పేపర్ వేసింది. భూమధ్యరేఖ దగ్గర హిందూ మహాసముద్రం మీద పుట్టే మేఘాల పట్టీ ఉత్తరానికి జరుగుతూ వచ్చి మన నేల మీద నిలుస్తుందని, అది నిలిచిన రోజులు వాన రోజులని, నిలవని రోజులు ఎండు రోజులని అందులో చూపించారు. వానకాలం ఇలా విడతలు విడతలుగా నడుస్తుంది. 1997లో శతాబ్దంలోనే బలమైన ఎల్‌నినో వచ్చినా దేశంలో వాన మామూలుగానే పడింది. 2002లో అంతకంటే చిన్న ఎల్‌నినో వచ్చినా జూలై వాన సగానికి పడిపోయింది. ఈ చిక్కుముడికి హిందూ మహాసముద్రం మీది గాలుల ఊగిసలాటలో ఒక జవాబుందని ఆమె 2004లో చెప్పింది.

నా తగవు ఈ శాస్త్రంతో కాదు, దీని తర్వాతి మెట్టు దగ్గర. చాలామంది శాస్త్రవేత్తలు మేఘాల దగ్గరే ఆగిపోతారు. ఆమె ఆగలేదు. 'వాన ఇలా ఉంటుందని తెలిస్తే రైతు ఏం చేయగలడు?' అని అడిగింది. అనంతపురం ప్రాంతంలో వర్షాధార వేరుశనగ మీద, తన సహచరులతో, వాళ్ళలో స్వయంగా సేద్యం తెలిసినవాళ్ళతో కలిసి పనిచేసింది. దాదాపు 90 ఏళ్ళ వాన లెక్కలను పంట నమూనాలో పెట్టి, ఏ తేదీన విత్తితే ఏ ఏడు ఎంత పండేదో లెక్కగట్టారు. జూన్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా విత్తుకోవడం అక్కడి రైతుల అలవాటు. నష్టం తగ్గించుకోవడానికి సరైన గడువు అదేనని కంప్యూటర్ కూడా ఒప్పుకుంది. ఆ గడువులో కూడా జూలై మధ్య కంటే ముందు విత్తితే సాధారణంగా దిగుబడి తక్కువని, విత్తిన 50 రోజుల నుంచి 100 రోజుల మధ్య పడే వానే పంటను నిలబెడుతుందని తేలింది. రైతుకి తెలియనిదేదో నేర్పడానికి వచ్చానని ఆమె అనలేదు. రైతుని అడిగి ప్రశ్న తయారుచేసుకుంది. 2002లో వచ్చిన ఈ అధ్యయనాన్ని నేను మెచ్చుకుంటాను. నా విద్యార్థుల చేత చదివిస్తాను కూడా.

కానీ ఆ 'రైతు' ఎవరు? అనంతపురం వేరుశనగ చేలో మగవాడు గొర్రు తోలతాడు. వెనక విత్తనం వదిలేది, కలుపు తీసేది, పీకిన చెట్ల నుంచి కాయ కోసేది ఎక్కువగా ఆడవాళ్ళు. నమూనాలో చివరికి తేలేది హెక్టారుకి ఎన్ని కిలోలు అన్న లెక్క. కూలికెళ్ళే ఆడమనిషికి ఆ ఏడాది బతుకు తేలేది ఎన్ని కలుపు రోజులు దొరికాయి అన్న లెక్కలో. విత్తనం మూడు వారాలు వెనక్కి జరిగితే భూమి ఉన్నవాడికి నాలుగు బస్తాలు ఎక్కువ రావచ్చు. కానీ కలుపు కూలి కూడా మూడు వారాలు వెనక్కి జరుగుతుంది. ఇంట్లో గింజలు అడుగంటిన ఆషాఢంలో ఆ మూడు వారాలు ఎవరు ఎలా గడిపారు? అంగడిలో అప్పు ఎవరి పేరు మీద పుట్టింది? ఈ ప్రశ్న ఆ నమూనాకి రాదు. గణితం చేతకాక రాకపోవడం కాదు. కూలి రోజులు కూడా వానతో పాటే మారే అంకెలే, లెక్కగట్టాలనుకుంటే వేరుశనగ దిగుబడి కంటే కష్టమేమీ కాదు. నిర్ణయం తీసుకునేవాడు రైతు, రైతంటే పొలం ఉన్నవాడు అని ముందే అనుకున్నందువల్ల ఆ ప్రశ్న రాలేదు. అంత సూక్ష్మంగా మేఘాన్ని ప్రశ్నించిన మనిషి ఈ ఒక్క మాటను ప్రశ్నించకుండా వదిలేసింది. ఆమెను వ్యక్తిగా తప్పుపట్టడానికి ఇది అనడం లేదు. ఆ రంగం మొత్తం అలాగే వదిలేసింది, ఇప్పటికీ వదిలేస్తోంది. ఆమె అంతదూరం వచ్చింది కనుకనే ఎక్కడ ఆగిందో మనకు స్పష్టంగా కనిపిస్తోంది.

అనంతపురం ఎక్కడ, భద్రాచలం ఎక్కడ అని మీరు అడగొచ్చు. అక్కడ వాన లేక ఏడుపు, ఇక్కడ గోదావరి పొంగి ఏడుపు. రెండు చోట్లా వాతావరణాన్ని ఎవరి కోసం కొలుస్తున్నారన్న ప్రశ్న మాత్రం ఒకటే.

మా వైపు కొలతలు లేక కాదు. భద్రాచలం వంతెన దగ్గర గోదావరిని అడుగుల్లో కొలుస్తారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలై 16న 71.3 అడుగులు. ఈ అంకెలు ఇక్కడ చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు. అయితే 43కీ 48కీ మధ్య ఏం జరుగుతుందో ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. ఆ గంటల్లో వడ్లూ బియ్యం అటక మీదికి ఎక్కించేది, మేకల తాళ్ళు విప్పేది, రేషను కార్డులూ పట్టా కాగితాలూ కవరులో చుట్టి నడుముకు కట్టుకునేది, ముసలి అత్తను లేపి నడిపించేది, నీళ్ళొచ్చాక కూడా వంట ఆగకూడదని ఎండు పుల్లలు దాచేది ఎవరు? దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు ఊళ్ళలో ఎవరినడిగినా ఒకటే జవాబు. అదంతా శ్రమే, అదీ వరద సైన్సుకి సంబంధించినదే. ఎన్ని గంటల ముందు చెబితే ఎన్ని ఇళ్ళ సామాను మేడెక్కుతుందో ఎవరైనా కొలిచి ఉంటే, హెచ్చరిక ఎప్పుడు, ఏ భాషలో, ఎవరికి చేరాలో దానివల్లే తేలేది. 2014లో కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి పోయాక ఈ లెక్క మరీ చిక్కుపడింది. నీళ్ళు ఒకటే, హెచ్చరిక ఒక రాష్ట్రానిది, పడవ మరో రాష్ట్రానిది. ఎటపాక ఆడమనిషికి ఆస్పత్రీ సంతా భద్రాచలంలో, తహసీల్దారు మాత్రం అవతలి ప్రభుత్వం.

2022 వరద తగ్గుతుండగా అప్పటి ముఖ్యమంత్రి భద్రాచలం వచ్చి, ఈ మేఘ విస్ఫోటాల వెనక విదేశాల కుట్ర ఉందేమోనని అనుమానం వ్యక్తం చేశారు. అప్పుడు దేశమంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మేఘ విస్ఫోటం అంటే ఒక చిన్న జాగాలో గంటకి 10 సెంటీమీటర్ల వాన. భద్రాచలం దగ్గర 71 అడుగుల నీళ్ళు అలా రావు. ప్రాణహితకీ ఇంద్రావతికీ నీళ్ళిచ్చే అంత విశాలమైన నేల మీద రోజుల తరబడి ముసురు పట్టాలి. మేఘాల పట్టీ వచ్చి నిలిస్తే ఏమవుతుందని గాడ్గిల్ 1980లో చెప్పిందో అలాంటి వాన విడతలే ఇలాంటి వరదలు తెస్తాయి. నలభై ఏళ్ళుగా మన దేశంలోనే ఉన్న జ్ఞానం నది ఒడ్డున నిలబడిన నాయకుడి నోటికి అందలేదు. ఆ రోజే ప్రకటించిన సాయం కుటుంబానికి 10 వేల రూపాయలు. కుటుంబమంటే ఎవరు? మొగుడు వదిలేస్తే తల్లి గుడిసెలో వేరే పొయ్యి పెట్టుకున్న మనిషి ఒక కుటుంబమా, సగం కుటుంబమా? శాస్త్రం దగ్గర 'రైతు' ఎలాగో, రాజ్యం దగ్గర 'కుటుంబం' అలాగే. లోపల ఎవరున్నారో చూడకుండా మూత పెట్టిన కుండలు రెండూ.

ఇంకో కొలత గురించి చెప్పాలి. దీన్ని మన పాఠకుల్లో చాలామంది విని ఉండరు. సారపాక కాగితం మిల్లు పేరు తెలుసు, దాని కోసం జిల్లా అంతటా పెరిగిన జామాయిల్ తోటలు తెలుసు. ఆ తోటల్లో కొన్ని వాతావరణ మార్పుని అడ్డుకునే ప్రాజెక్టు కింద 2009లో ఐక్యరాజ్యసమితి 'స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం'లో నమోదయ్యాయి. ఐటీసీ సామాజిక వన ప్రాజెక్టు కింద, ఖమ్మం జిల్లాలో దాదాపు 3 వేల హెక్టార్లు. చెట్టు చుట్టుకొలత, ఎత్తు కొలిచి అది ఎంత బొగ్గుపులుసు వాయువు పీల్చుకుందో టన్నుల్లో రాస్తారు. అంటే ప్రపంచస్థాయి వాతావరణ శాస్త్రం మా పొలాల్లోకి ఎప్పుడో వచ్చేసింది! టేపు పట్టుకుని, చెట్టు మొదలు కొలుచుకుని పోయింది. ఆ చేలో అంతకుముందు జొన్న, కంది కలిపి వేసినప్పుడు ఆడవాళ్ళకి ఎన్ని రోజుల పని ఉండేది, పశువుకి ఎంత మేత దొరికేది, జామాయిల్ వచ్చాక ఏమైంది అన్నది ఆ టేపుకి అందదు. మరోవైపు ఇదే అడవి కింద నుంచి ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరుల్లో తీసిన బొగ్గు పాల్వంచలో, మణుగూరులో కాలుతూనే ఉంది. బొగ్గు కాల్చడమూ అభివృద్ధే, దాని పొగ పీల్చే చెట్టు నాటడమూ అభివృద్ధే. మధ్యలో కొంకి కర్ర పట్టుకుని నడిచే ఆడమనిషి మాత్రం రెండు పట్టికల్లోనూ లేదు.

ఆమె చేసే పని ఎంతగా వాతావరణం మీద ఆధారపడిందో చూడండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది. తెల్లవారుజామున ఏరాలి. మబ్బు పట్టి వాన పడితే నేల మీది పువ్వు నల్లబడి పోతుంది, ఎండబెట్టడానికి ఎండా ఉండదు. ఆ వెంటనే తునికాకు. చీకటితోనే అడవికి పోయి, ఎండ ముదరకముందే ఆకు తెంపుకొచ్చి, మధ్యాహ్నమంతా 50 ఆకులకొక కట్ట కట్టి, సాయంత్రం కల్లంలో అప్పజెప్పాలి. ఏడాది మొత్తంలో చేతికి నగదు వచ్చే ఆ కొద్దివారాల్లో ఒక అకాల వాన పడితే ఆకు మచ్చ పడుతుంది, కొనేవాడు కట్ట పక్కన పడేస్తాడు. ఖమ్మం మిరప చేలల్లో ఏరుడు కూలీలు, వాళ్ళలో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గొత్తికోయ స్త్రీలూ ఉన్నారు, వాళ్ళదీ అంతే. కల్లంలో కాయ తడిస్తే నష్టపోయింది మిరప రైతని పేపర్లో వస్తుంది. ఆగిపోయిన ఏరుడు కూలి పేపర్లో రాదు.

వాతావరణ శాఖ వారానికి రెండుసార్లు, మంగళ శుక్రవారాల్లో, వ్యవసాయ సలహాలు ఇస్తుంది. మంచి పనే. అవి పంటల పేరు మీద వస్తాయి, వరికి ఇది, పత్తికి ఇది, మిరపకి ఇది అని. తునికాకు పంట కాదు. ఇప్పపువ్వు పంట కాదు. అడవి అంచు ఊళ్ళో ఒక సాయంత్రం ఈ విషయం మాట్లాడుతుంటే ఒకామె అన్నది: "టీవీ వాన సంగతి పొలం ఉన్నోళ్ళకి చెప్పుద్ది మేడమ్. మాకు చీమలే చెప్పాల." అందరూ నవ్వారు. సామాజికశాస్త్ర పరిభాషలో నేను నాలుగు పేజీలు రాసినా ఇంతకంటే బాగా చెప్పలేను. పోనీ పొలం ఉన్నవాళ్ళకైనా సరిగ్గా చెబుతున్నారా అంటే, 2018 నుంచి కృషి విజ్ఞాన కేంద్రాల్లో పెట్టిన 199 జిల్లాస్థాయి వ్యవసాయ వాతావరణ విభాగాలను 2024లో మూసేశారు. స్థానికంగా మనుషులెందుకు, యంత్రాలే సలహా రాస్తాయన్న ధోరణి. గాడ్గిల్ చేసిన పనికి ఇది నేరుగా ఎదురు. రైతు దగ్గర కూర్చుని ప్రశ్న తయారుచేసుకునే శాస్త్రం ఆమెది. కూర్చునే కుర్చీనే తీసేశారు.

ఇక్కడ చీమల మాట పట్టుకుని సంబరపడే మిత్రులకు ఒక మాట. ఆదివాసీ స్త్రీ ప్రకృతి బిడ్డ, ఆమెకు వాన వాసన ముందే తెలుస్తుంది, ఆమెకు సైన్సు అక్కర్లేదు అని రాసేవాళ్ళు పర్యావరణ ఉద్యమాల్లో తక్కువేమీ లేరు. ఈ భక్తి చూస్తే నాకు భయం. విత్తనాల పండగ తేదీ, ఏ చెట్టు చిగిరిస్తే ఏ పని మొదలెట్టాలి అన్న జ్ఞానం నిజమే, విలువైనదే. కానీ అది ఒక వాన తీరులో, ఒక పంటల తీరులో తరతరాలుగా కుదిరిన జ్ఞానం. పోడులో సామ, కొర్ర, జొన్న కలిపి చల్లిన చేతికి పత్తి గురించి పాత తెలివి ఏం సాయం చేస్తుంది? అనంతపురంలో పాత మిశ్రమ పంటలు పోయి వేరుశనగ ఒక్కటే మిగిలినప్పుడు రైతుల సంప్రదాయ జ్ఞానానికీ ఇదే గతి పట్టిందని గాడ్గిల్ గుర్తించింది. కొత్త పంటకి తాతల అనుభవం ఉండదు. అలాంటప్పుడు 'నీకు అన్నీ తెలుసు తల్లీ' అని దండం పెట్టడం ఆమెను సైన్సు గుమ్మం బయట నిలబెట్టడమే. తునికాకు వారంలో వాన పడుతుందో లేదో ఉపగ్రహం చూసి చెప్పమని అడిగే హక్కు ఆమెకు మిరప రైతుకి ఉన్నంతా ఉంది.

ఇంకో వైపు నుంచి వచ్చే అభ్యంతరం కూడా నాకు తెలుసు. సైన్సుకి ఆడా మగా ఏమిటి, మేఘానికి లింగభేదం ఉంటుందా అంటారు. ఈ మాట స్త్రీ శాస్త్రవేత్తలే ఎక్కువగా అన్నారు. అన్నా మణి కథ చూడండి. 1940ల్లో సి.వి. రామన్ ప్రయోగశాలలో పనిచేసి సొంతంగా పేపర్లు వేస్తే, ఎమ్మెస్సీ లేదన్న వంకతో మద్రాసు విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేట్ ఇవ్వలేదు. 1948లో వాతావరణ శాఖలో చేరి, ఈ దేశంలో వాననీ ఎండనీ గాలినీ కొలిచే పరికరాలను ఇక్కడే తయారుచేయించింది. 1976లో ఉప డైరెక్టర్ జనరల్‌గా రిటైరైంది. అలాంటి మనిషి కూడా తాను స్త్రీ కావడం వల్ల తన పనిలో తేడా ఏమీ రాలేదని చెప్పింది. ఆ మాటను నేను అర్థం చేసుకోగలను. పక్కవాళ్ళంతా నీ చీర చూస్తుంటే నీ పరికరం మాత్రమే చూడమని చెప్పడం ఒక ఆత్మగౌరవ పోరాటం. కానీ పోరాటంలో పట్టుకున్న డాలునే సిద్ధాంతం చేసుకుంటే చిక్కు. మేఘానికి లింగం లేదు, ఒప్పుకుంటాను. మేఘం కింద ఏది కొలవాలి, ఏది 'నష్టం' అనిపించుకుంటుంది, దేన్ని అంచనా వేస్తే డబ్బులిస్తారు అన్నవి మనుషులు కూర్చుని తేల్చేవి. ఆ కూర్చున్న వాళ్ళలో ఒకరిద్దరు స్త్రీలున్నంత మాత్రాన చాలదని ఈ ఇద్దరి జీవితాలే చెబుతున్నాయి.

ఈ నిర్వచనాలు కాగితం మీది గొడవ అనుకోకండి. 1997-98లో వరంగల్, ఖమ్మం వైపు పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. దేశం మొత్తం సగటు చూస్తే ఆ ఏడు వాన మామూలే, ఈ సంగతి పైన చెప్పాను. సగటు మామూలుగా ఉన్న ఏడాదే ఇక్కడ పురుగూ అప్పూ కలిసి చంపాయి. 2004లో జీవో 421 వచ్చి ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి పరిహారం అన్నప్పుడు మొదట అడిగింది పట్టా. కౌలు చేసినవాడి భార్యకి కాళ్ళరిగిపోయాయి. పురుగుమందు తాగింది ఆడమనిషైతే ఆమె 'రైతు' అని రుజువు చేయడం ఎంత కష్టమో ఈ పత్రిక చదివే వాళ్ళకి చెప్పనక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం పెళ్ళైన వాళ్ళకి పట్టా భార్యాభర్తల ఇద్దరి పేరా ఇవ్వాలంది. చట్టంలో ఉన్న ఆ రెండో పేరు బ్యాంకు దగ్గర, విత్తనాల కొట్టు దగ్గర, నష్టం రాసే గుమాస్తా దగ్గర ఎంతమంది చదువుతున్నారు? ఇప్పుడు కొత్తగా వడదెబ్బ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోతే 4 లక్షలు అంది. చావు వడదెబ్బ వల్లేనని రుజువు కావాలి. తునికాకు మోపు నెత్తిన పెట్టుకుని అడవి దారిలో కూలబడి, రాత్రి గుడిసెలో పోయిన మనిషికి ఆ రుజువు ఎవరు రాస్తారు?

గాడ్గిల్ 2006లో తన కొడుకుతో కలిసి ఇంకో లెక్క వేసింది. తీవ్రమైన కరువు దేశపు స్థూల ఉత్పత్తిలో 2 నుంచి 5 శాతం వరకు తినేస్తుందని, వ్యవసాయం వాటా తగ్గినా ఈ దెబ్బ తగ్గలేదని. 'వ్యవసాయం ఇక ముఖ్యం కాదు' అనే ఆర్థికవేత్తల నోరు మూయించిన లెక్క అది. అలాంటిదే ఇంకొకటి కావాలి మనకి. వాన తప్పినప్పుడు, ఎండ ముదిరినప్పుడు, నది పొంగినప్పుడు ఈ అడవి అంచున స్త్రీల పని దినాల్లో ఎన్ని పోతాయి, ఎన్ని గంటల జీతం లేని చాకిరీ పెరుగుతుంది అన్న లెక్క. దీనికి హార్వర్డ్ అక్కర్లేదు. ఆశ్రమ పాఠశాలల్లో చదివే ఆడపిల్లలున్నారు. ప్రతి బడిలో ఒక వానమాపకం, ఒక ఉష్ణమాపకం పెట్టి, రోజువారీ రాసే పుస్తకం వాళ్ళ చేతికివ్వాలి. పక్క పేజీలోనే ఆ రోజు ఊళ్ళో ఆడవాళ్ళు ఏ పనికెళ్ళారు, ఏ పని ఆగింది, నీళ్ళకి ఎంతదూరం నడిచారు అన్నది రాయించాలి. ఆ పుస్తకం ఐటీడీఏ బీరువాలో మూలగకుండా వాతావరణ శాఖ బల్ల మీదికి వెళ్ళాలి. తునికాకు, ఇప్పపువ్వు పేరున సలహాలు రావాలి, తెలుగులోనూ కోయలోనూ, ఫోను లేని వాళ్ళకి కూడా వినిపించేలా. 43 అడుగుల హెచ్చరిక మగవాళ్ళు టీ తాగే సెంటర్‌లో మాత్రమే కాక ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకునే కుళాయి దగ్గర కూడా చెప్పాలి.

ఈ డిమాండ్లను ఒక సమావేశంలో చదివినప్పుడు ఒక అధికారి ఓపిగ్గా విని, "ఇవన్నీ మంచివే మేడమ్, కానీ ఇది మా శాఖ కిందికి రాదు" అన్నాడు. ఏ శాఖ కిందికి వస్తుందని అడిగాను. వ్యవసాయం అన్నాడు, కాదు అటవీ శాఖేమో అన్నాడు, స్త్రీ శిశు సంక్షేమానికి రాసి చూడమన్నాడు. మూడు శాఖలకీ, వాతావరణ శాఖకీ కూడా ఒకే కాగితం పంపుతున్నాం. మీ మండలంలో ఇలాంటి లెక్కలు రాసిపెట్టిన సంఘాలుంటే, అవి పాత నోటుపుస్తకాలైనా సరే, కూలి రోజుల పేజీలు మాకు పంపండి. వచ్చే తునికాకు కాలం లోపల వాటిని ఆ కాగితానికి జతచేస్తాం.